పరుగెత్తు మాట

ఆంగ్లభాష నేర్చుకొన మొదలుపెట్టిన తెలుగు బాలునికి తొలి సంవత్సరముననే పరిచయమగు క్రియలలో ‘రన్’ అనునది యొకటి. అది చిన్న మాట. పలుకుట కష్టము కాదు, వ్రాయుట కష్టము కాదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై దానిని వ్రాసి, దాని కెదురుగా ‘పరుగెత్తు’ అని వ్రాయును. బాలుడు తన పుస్తకములో అట్లే యెక్కించుకొని, పదిమాఱులు వల్లించి, ఆ మాట తనకు వచ్చినదని సంతసించును. ఆ సంతోషము మఱుసటి సంవత్సరము వఱకు నిలుచును. అప్పుడు పాఠములో ‘హిజ్ నోజ్ ఈజ్ రన్నింగ్’ అను వాక్యము తగులును. బాలుడు వెనుకాడక ‘అతని ముక్కు పరుగెత్తుచున్నది’ అని తెలుగు చేయును. తరగతి యంతయు గొల్లుమని నవ్వును.

ఆ నవ్వు వినుటకు వేడుకగానే యుండును. దాని ఫలితము మాత్రము వేడుకైనది కాదు. ఇంటిలో నలుగురును ఆంగ్లము మాటలాడు బాలుడైనచో, తానును నవ్వి, దులుపుకొని, తప్పు దిద్దుకొనును. ఇంటిలో ఆ భాష వినబడని బాలుడు అట్లు చేయలేడు. అతడు ఆనాటినుండి ఆంగ్లపు గంటలో నోరు విప్పుటకు వెఱచును. క్రమముగా ‘వీనికి ఇంగ్లీషు రాదు’ అను ముద్ర అతనిపై పడును. కొన్నాళ్ళకు అతడే ఆ ముద్రను నమ్మును. ఇంతకును ఆ బాలుడు చేసిన నేరమేమి? తనకు నేర్పిన అర్థమును నమ్మకముగా వాడినాడు. అంతకుమించి యేమియు లేదు. తప్పంతయు ‘ఒక మాటకు ఒక అర్థము’ అను లెక్కలో నున్నది. రూపాయికి నూఱు పైసలన్నట్లు, ఒక భాషలోని మాటకు వేఱొక భాషలోని మాటను వెలకట్టి యిచ్చుట యెంత పొరపాటో ఈ ‘రన్’ అను మాటయే చక్కగా చూపగలదు.

ఆంగ్లభాషకు గల నిఘంటువులలో మిక్కిలి పెద్దది ఆక్స్‌ఫర్డు నిఘంటువు. అట్టి గ్రంథ మొకటి కావలెనను తలపు 1857లో లండనులోని భాషాశాస్త్ర సంఘమువారికి కలిగెను. 1879లో జేమ్స్ మరే అను పండితుడు దానికి సంపాదకుడయ్యెను. అతడు తన తోటలో ఇనుప రేకులతో ఒక పాక వేయించి, గోడల నిండ చిన్న చిన్న గూళ్ళు అమర్పించెను. వేలకొలది పాఠకులు తాము చదివిన పుస్తకములనుండి వాక్యములను చీటీలపై వ్రాసి పంపగా, ఆ చీటీలు ఆ గూళ్ళలో చేరెను. మొదటి భాగము 1884లో వెలువడెను. గ్రంథము ముగియుసరికి 1928 వచ్చెను. మరే ఆ దినమును చూడలేదు. అతడు 1915లోనే కన్నుమూసెను.

1989లో ఇరువది సంపుటములుగా వెలువడిన రెండవ కూర్పులో అన్నింటికంటె ఎక్కువ చోటు నాక్రమించిన మాట ‘సెట్’. దానికి 430 అర్థములు చూపబడినవి. తరువాత 2000 సంవత్సరమునుండి ఆ నిఘంటువును మఱల మొదటినుండి సవరించి ఇంటర్నెట్టులో ప్రకటించుచు వచ్చిరి. ఆ సవరణలో ‘రన్’ ముందునకు వచ్చినది. 2011లో తెలియవచ్చిన లెక్క ప్రకారము, క్రియగా దానికి గల అర్థములే 645. వానిని విడదీసి క్రమపఱచుటకు పీటర్ గిలివర్ అను సంపాదకునికి తొమ్మిది మాసములు పట్టెను. ఒక్క మాటకు తొమ్మిది మాసములు! నల్లబల్లపై దానికి దొరికినది ఒక్క క్షణము.

ఈ సంఖ్యను విని బాలురు బెదరనక్కఱలేదు. ఆంగ్లేయుల బిడ్డలెవ్వరును ఆ 645 అర్థములను వల్లించరు. అన్ని యున్నవని కూడ వారెఱుగరు. వారు వాక్యములను విందురు, వాక్యములను వాడుదురు, అంతే. మరే పాకలోని చీటీలలో నుండినవి సైతము వాక్యములే. వాక్యములను ముందు ప్రోగుచేసి, వానినుండి అర్థములను వడకట్టిరి గాని, అర్థములను ముందు కూర్చుకొని వాక్యములను వెదకలేదు. అంత గొప్ప పండితులు పోయిన త్రోవను విడిచి, పన్నెండేండ్ల బాలునిచేత అర్థముల పట్టికను వల్లింపజేయుట వింతగా నున్నది.

ఇంతకును ముక్కునకు పరుగెక్కడిది? ఈ మాట వేరును త్రవ్వి చూచినచో ఆ వింత కొంత తీఱును. ప్రాచీనాంగ్లమున ఈ మాట మనుష్యుని పరుగునకును నీటి పాఱుదలకును గూడ చెల్లెడిది. ఆంగ్లమునకు తోబుట్టువైన జర్మను భాషలో నేటికిని ‘రెన్నెన్’ అనగా పరుగెత్తుట, ‘రిన్నెన్’ అనగా కారుట. రెండును ఒక తల్లి బిడ్డలే. కనుక ‘రివర్ రన్స్’ అన్నప్పుడు నదికి కాళ్ళున్నట్లు కవి యెవడో ఊహించినాడని తలపరాదు. కదలి ముందునకు సాగు ద్రవమునకు ఆ మాట పుట్టుకనాటి నుండియు హక్కుదారే. నదియు, కొళాయి నీరును, కన్నీరును, జలుబు చేసిన ముక్కును ఆ హక్కుతోనే పరుగెత్తుచున్నవి.

పిమ్మట యంత్రములు వచ్చినవి. జేమ్స్ వాట్ 1769లో తన ఆవిరియంత్రపు మార్పునకు హక్కుపత్రము పొందిన నాటినుండి ఆంగ్లదేశమున చక్రములు తిరుగని పట్టణము లేకపోయెను. తిరుగు ప్రతి యంత్రమును ‘రన్’ అయ్యెను. యంత్రములు గల కర్మాగారమును నడుపుటయు ‘రన్’ అయ్యెను. పిదప యంత్రమే లేని దుకాణమును, పాఠశాలను, ప్రభుత్వమును నడుపుటకు సైతము ఆ మాటయే చెల్లెను. నేడు కంప్యూటరులో ప్రోగ్రామును ‘రన్’ చేయుదురు. అందులో కంటికి కదలుచు కనబడునది ఏదియు లేదు.

కదలిక లేకయే పరుగు గల చోటులు మఱికొన్ని యున్నవి. బ్యాంకు మునుగునను భయము పుట్టి, దాచుకొన్నవారందఱు తమ సొమ్మునకై ఒక్కసారిగా వచ్చిపడుటను ‘రన్ ఆన్ ది బ్యాంక్’ అందురు. 1933 మార్చి నెలలో అమెరికాలో అట్టి పరుగు మిక్కుటము కాగా, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు దేశములోని బ్యాంకులన్నింటిని కొన్నాళ్ళు మూయించెను. పేరు పరుగే గాని, బ్యాంకు వాకిట ఆ జనులు చేయునది వరుసలో గంటలకొలది నిలుచుటయే.

క్రికెట్టు ఆటలోని పరుగు కథ యింకను చిత్రమైనది. ఇరువదిరెండు గజముల బాట. దాని రెండు కొనలయందును ఇద్దఱు ఆటగాండ్రు. బంతిని కొట్టి, ఇద్దఱును ఒకరినొకరు దాటి ఎదుటి కొనకు చేరినచో ఒక ‘రన్’. పూర్వము లెక్కగాడు చాకుతో కఱ్ఱపై ఒక్కొక్క పరుగునకు ఒక్కొక్క గంటు పెట్టెడివాడు. అంతవఱకు మాటయు పనియు ఒక్కటే. కాని బంతి హద్దు దాటినచో నాలుగు పరుగులు, నేల తాకక దాటినచో ఆఱు పరుగులు వచ్చునని నియమము. అప్పుడు ఆటగాడు కదలనక్కఱలేదు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములో పుట్టిన సి. కె. నాయుడు 1926లో బొంబాయిలో ఇంగ్లండునుండి వచ్చిన ఎం. సి. సి. జట్టుపై 153 పరుగులు చేసెను. అందులో పదునొకండుసార్లు బంతి గాలిలో హద్దు దాటినది. అనగా అఱువదియాఱు పరుగులకు ఆయన అడుగు తీసి అడుగు వేయవలసిన పని లేకపోయెను! 1932లో భారతజట్టు తన మొదటి టెస్టు ఆట ఆడినప్పుడు నాయకుడైనవాడును ఆయనయే. పరుగెత్తకయే వచ్చిన వీనిని తెలుగు పత్రికలును ‘పరుగులు’ అనియే వ్రాయును, చదువరులెవ్వరును తప్పుపట్టరు. ఆ ఆటతోపాటు తెలుగులోని ‘పరుగు’ సైతము ఒక క్రొత్త యర్థమును సంపాదించుకొన్నది.

ఎన్నికల విషయమున ఆంగ్లము మాటలాడు రెండు దేశములకే పొత్తు కుదురలేదు. అమెరికాలో అభ్యర్థి పదవికొఱకు ‘రన్’ చేయును. ఇంగ్లండులో అభ్యర్థి ‘స్టాండ్’ చేయును, అనగా నిలుచును. తెలుగువారు ‘ఎన్నికలలో నిలబడినాడు’ అందురు. ఒకే పనికి ఒక దేశమున పరుగు, మఱొక దేశమున నిలుకడ. ఇందులో ఏది సరియని అడుగుటలో అర్థము లేదు. ఓటు అడుగుటకు వీథివీథి తిరుగువారిని చూచినచో అమెరికావారి మాటయే నిజమనిపించును.

ఇన్ని యర్థములు గల మాట తెలుగులో లేదనియు, అందువలన తెలుగు పేద భాష యనియు కొందఱు తలపోయుచుందురు. ఆ తలపు పాఠశాల విద్యార్థులలోనికి సైతము ప్రాకినది. దానిని కొంచెము పరీక్షించి చూడవలెను. ఆంగ్లేయుడు పరుగెత్తించు వస్తువులను తెలుగువాడు ఏమి చేయుచున్నాడు? ఎక్కువగా నడపుచున్నాడు. బండి నడుచును. గడియారము నడుచును. బడి నడుచును. సంసారము నడుచును. కథ నడుచును. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో ‘వివేకవర్ధని’ యను పత్రికను స్థాపించి నడిపెను. ఆంగ్లమున వ్రాసినచో ఆయన ఆ పత్రికను ‘రన్’ చేసెను. ఆంగ్లేయునిది పరుగు, తెలుగువానిది నడక. గమ్యము చేరుటలో ఇద్దఱికిని భేదము లేదు.

అన్నియు నడుచునవి మాత్రమే కావు. ఫ్యాను తిరుగును. గానుగ ఆడును. చలనచిత్రమును ఆడును; నూఱు దినములు ఆడిన చిత్రమును ఆంగ్లేయుడు నూఱు దినములు ‘రన్’ అయినదనును. ముక్కు కారును. ఉతికిన బట్టనుండి రంగు దిగును. వదంతి ఆంగ్లమున పరుగెత్తుచుండగా తెలుగున ప్రాకును. అయినను దానికంటె ముందుగానే ఊరెల్ల చుట్టివచ్చును. కాలువ వెంబడి బాట ఆంగ్లమున పరుగెత్తును, తెలుగున పోవును. ‘ఈ బాట ఎక్కడికి పోవును?’ అని అడిగిన బాటసారితో, ‘ఎక్కడికిని పోదు, ఇక్కడనే యుండును’ అని పల్లెటూరి పిల్లవాడు చెప్పిన సరసము తెలుగునాట ఎఱుగనివారు లేరు. ఒక భాష ఒక్క మాటచేత పది పనులు చేయించుకొన్నది. వేఱొక భాష పది పనులకు పదిమందిని నియమించుకొన్నది. మొదటిదానిని కలిమి యనుటయు, రెండవదానిని లేమి యనుటయు ఏ న్యాయమో తెలియదు.

అదియునుగాక, ఒక్క మాటచేత పది పనులు చేయించు నేర్పు తెలుగునకును లేకపోలేదు. ‘పాఱు’ అను క్రియను చూడుడు. ఏఱు పాఱును, అది ప్రవాహము. శత్రువును చూచి పిఱికివాడు పాఱిపోవును, అది పరుగు. ప్రాచీనాంగ్లపు మాటవలెనే ఈ మాటయు నీటికిని కాళ్ళకును సమానముగా చెల్లుచున్నది. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి గోదావరితీరము! చుట్టరికము లేని రెండు భాషలు ఒకే ఆలోచన చేసినవి. నీరును పరుగును చూచిన రైతు కన్ను ఎక్కడనైనను ఒక్కటియే గాబోలు. పొలములకు నీరందించు శాఖకు నీటిపాఱుదల శాఖ యని పేరు. కొండపై నిలుచున్నవానికి చూపు పాఱినంత మేర పచ్చని పైరు కనబడును. కపటోపాయము ఫలించినచో పాచిక పాఱినదందురు, ఫలింపనిచో పాఱలేదందురు. ఎండలకు చెఱువు నేల బీటలు వాఱును. కోపమువలన కన్నులు ఎఱ్ఱబాఱును. ఈ కడపటి వానిలో పరుగును లేదు, ప్రవాహమును లేదు. ‘అగు’ అను అర్థము మాత్రమే యున్నది. ఆంగ్లమున బావి యెండిపోవుటను ‘రన్ డ్రై’ అనుటలో ‘రన్’ చేయు పని సరిగా ఇదియే.

తెలుగు నేర్చుకొను పరదేశికి ఇవన్నియు ఎంత చిక్కు పెట్టునో ఊహింపవచ్చును. పాఱిపోవువాడు పోవుచున్నాడు, సరియే. నిద్రపోవువాడు ఎక్కడికి పోవుచున్నాడు? దెబ్బలు తినువాడు నమలుచున్నాడా? అట్టి చిక్కులన్నింటిని దాటి వచ్చినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన తెలుగు–ఆంగ్ల నిఘంటువు 1852లో వెలువడెను. గోదావరికి ధవళేశ్వరమువద్ద ఆనకట్ట ముగిసినదియు ఆ సంవత్సరముననే. బ్రౌను ఒక తెలుగు మాట కెదురుగా ఒక ఆంగ్లపు మాట వ్రాసి ఊరకుండలేదు. కవుల ప్రయోగములను, జనులు వాడు పలుకులను చేర్చి, ఆ మాట ఎక్కడెక్కడ ఏ రూపమున మెలగునో చూపెను. అట్లు చేయనిచో ‘పాచిక పాఱినది’ అను మాటను చదివిన తెల్లదొర, పాచిక వీథివెంట పరుగిడినదని తలచి యుండెడివాడు. మన బాలుని ముక్కువంటిదే యదియును. అతనిని చూచి నవ్వుట కచట తరగతి లేదు, అంతే భేదము.

ఇక నేటి సంగతి. పట్టణములలో ఇప్పుడు దుకాణమును ‘రన్’ చేయుచున్నారు. మోటారు ‘రన్’ అగుచున్నది. చిత్రము ‘రన్’ అగుచున్నది. ఆంగ్లపు మాట తెలుగులోనికి వచ్చుట దోషము కాదు. బస్సు, రైలు, టికెట్టు వచ్చినవి. అవి తెలుగు మాటలే యయినవి. కాని బస్సు వచ్చినప్పుడు వెంట ఒక వస్తువు వచ్చినది. దానికి పేరు కావలసి వచ్చినది. ‘రన్’ వచ్చినప్పుడు క్రొత్త పని యేదియు రాలేదు. నడుచుట, తిరుగుట, ఆడుట అను మూడు మాటలు చేయుచున్న పనిలోనికి అది యొక్కటియే చొరబడినది. పోనీ, తన 645 అర్థములతో వచ్చినదా యన్నచో, అదియును లేదు. బంధువులనందఱిని ఊరిలో విడిచి, ఒంటరిగా వలసవచ్చిన కూలివలె, రెండు మూడు పనులు మాత్రము చేతబట్టుకొని వచ్చినది. ముక్కు ‘రన్’ అగుచున్నదని తెలుగులో నెవ్వరు ననరు. ఏఱు ‘రన్’ అగుచున్నదని యెవ్వరు ననరు. కనుక, ఈ మార్పువలన తెలుగునకు ఆంగ్లపు సంపద రాకపోగా, ‘గానుగ ఆడుచున్నది’ అను నిండైన మాట మఱుగున పడుచున్నది. ఆ మాటను వినని బాలుడు ఆంగ్లపు మాటయొక్క లోతును గూడ ఎఱుగలేడు. రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచునప్పుడే ఆ లోతు కనబడును గదా.

అందువలన ఉపాధ్యాయుడు నల్లబల్లపై ‘రన్ – పరుగెత్తు’ అని వ్రాయుటకు బదులు, ఐదాఱు వాక్యములు వ్రాసినచో బాగుండును. ఎవడు పరుగెత్తుచున్నాడు, ఏది పరుగెత్తుచున్నది అని మొదట అడుగవలెను. కర్త గుఱ్ఱమా, నీరా, యంత్రమా, వదంతియా? కర్తను పట్టుకొన్నచో క్రియ దానంతట నదియే లొంగును. ఆ చోట తెలుగువారేమందురో బాలురచేతనే చెప్పింపవలెను. నదియైనచో వారు తడుముకొనకుండ ‘పాఱును’ అందురు. ముక్కయినచో ‘కారును’ అందురు. ఆ జ్ఞానము వారికి ఇంటనే అబ్బినది. బడికి వచ్చునప్పుడు దానిని గుమ్మము వెలుపల విడిచి రమ్మనుటయే పొరపాటు. పుస్తకము చదువునప్పుడు ఆ మాట క్రొత్తరీతిని కనబడిన ప్రతిసారియు, మరేకు చీటీలు పంపిన పాఠకులవలె, ఒక కాగితపు ముక్కపై ఆ వాక్యమును వ్రాసి దాచుకొనవచ్చును. దీనికి ఖర్చు లేదు. సంవత్సరము తిరుగుసరికి ఒక బాలుని పెట్టెలో ముప్పది చీటీలు చేరినను, నల్లబల్ల నేర్పినదానికంటె అది ముప్పది రెట్లు.

ఈ పని ‘పాఱు’తోను చేయవచ్చును. దాని చీటీలకు పుస్తకములు సైతము వెదకనక్కఱలేదు. ప్రతిదినము ఉదయమున తల్లి బిడ్డను లేపుచు పలుకు మొదటి మాటలోనే యది యున్నది. ‘తెల్ల’ అను మాటకు ‘పాఱు’ చేరగా, పకారము వకారమై, ‘తెల్లవాఱు’ అయినది. చీకటిపై తెలుపు పాఱుచున్నదని చెప్పిన ఆ తల్లి ఏ నిఘంటువును చూచి చెప్పలేదు.